ఆన్‌లైన్ వ్యాపారంలో వినియోగదారుని నమ్మకమే పెట్టుబడి

ఏలూరు: అంగడిలో తివాచీ కొనేవారు దానిని చేతితో తాకి, విప్పి చూస్తారు. అదే తివాచీని ఆన్‌లైన్‌లో కొనేవారికి ఫొటో, వివరణ మాత్రమే ఆధారం. కాబట్టి కొలతలు, నూలు రకం, పూర్తి ధర, అందజేసే గడువు ఉన్నవి ఉన్నట్లు తెలపడం అమ్మకందారుల ప్రథమ కర్తవ్యం.

కేంద్ర ప్రభుత్వం 2020 జూలై 23న ప్రకటించిన ఈ-కామర్స్ నియమావళి ప్రకారం ఆన్‌లైన్ సంస్థలు ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోగా తెలియజేసి, నెల రోజులలోగా పరిష్కరించాలి. లోపమున్న వస్తువును, వివరణకు భిన్నమైన వస్తువును వాపసు తీసుకొనడానికి అమ్మకందారులు నిరాకరించరాదు. కొనుగోలుదారుల పేరిట తామే సమీక్షలు వ్రాసుకొనరాదు. కొనుగోలుకు సమ్మతి తెలిపే గడిలో ముందుగానే టిక్కు పెట్టి ఉంచరాదు.

"ఒక్కటే మిగిలింది" అని లేని కొరతను చూపి తొందరపెట్టడం, చెల్లింపు సమయంలో చెప్పని రుసుము కలపడం వంటి 13 రకాల మోసపూరిత పద్ధతులను 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాలు నిషేధించాయి.

అమ్మిన సంస్థ ఎంత దూరాన ఉన్నా కొల్లేరు లంక గ్రామాలవారు, తాడేపల్లిగూడెం వాసులు అక్కడికి వెళ్లనవసరం లేదు. 2019 చట్టం ప్రకారం తాము నివసించే ప్రాంతపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షలు మించకపోతే రుసుము ఉండదు. ముందుగా జాతీయ హెల్ప్‌లైన్ 1915ను సంప్రదించవచ్చు. ఇందుకు బిల్లు, ఆర్డరు వివరాలు, సంస్థతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలను భద్రపరచుకోవాలి.

వాపసును కొందరు వ్యాపారులు నష్టంగా భావిస్తారు. అయితే మర్యాదగా వాపసు పొందిన వినియోగదారుడే తిరిగి అదే వ్యాపారి వద్దకు వస్తాడని గుర్తించాలి.