ఏటీ టైర్లు: రుద్రూర్ రేగడిలో లెక్కెంత, లుక్కెంత

ఆల్‌వీల్ డ్రైవ్ కారున్న నిజామాబాద్ జిల్లా రుద్రూర్ మనిషి ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగుతాడనుకుందాం. బోధన్, నిజామాబాద్, నెలకు ఒకటి రెండుసార్లు హైదరాబాద్. ఇదంతా డాంబర్ రోడ్డు మీదే. పొలానికీ, నిజాంసాగర్ కాలువ కట్ట మీదికీ, వడ్ల కల్లం దగ్గరికీ పోయొచ్చేది రోజుకు ఐదున్నర కిలోమీటర్లు వేసుకున్నా ఏడాదికి 2,000. అంటే నూటికి 13 వంతులు. ఈ 13 వంతుల కోసం మిగతా 87 వంతుల మీద నడిచే టైరును ఏటీకి, అంటే ఏ నేలకైనా అనే ఆల్ టెరైన్ రకానికి, మార్చాలా వద్దా అన్నదే తేలాల్సిన సంగతి. టైర్ల షాపులో ఈ లెక్క ఎవరూ తీయరు. "జర పెద్ద సైజు ఏపియ్యన్నా, బండి లుక్కే మారిపోతది" అంటారు. లుక్కు మారే మాట నిజమే. దాంతోపాటు స్పీడోమీటరు, మైలేజీ, బ్రేకు కూడా మారతాయి.

ముందు మీ బండి ఏ రకమో చూసుకోండి. 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్, దానికి జోడైన టయోటా హైరైడర్ ఆల్‌వీల్ డ్రైవ్ మామూలుగా ముందు చక్రాలతో నడుస్తాయి. అవి జారినప్పుడు బండే పసిగట్టి వెనుక చక్రాలకూ శక్తి పంపుతుంది. 2023 జూన్‌లో వచ్చిన జిమ్నీ, మహీంద్రా థార్ ఫోర్ బై ఫోర్ వేరే జాతి. లివరు వేస్తేనే నాలుగు చక్రాలూ కలుస్తాయి, బురదలో నుంచి మెల్లగా లాగడానికి లో గేరు ఉంటుంది. మొదటి రకం బండి ఉన్నవాళ్లే ఏటీ టైర్ల దగ్గర ఎక్కువగా తడబడతారు. నాలుగు చక్రాలూ తిరుగుతాయి కదా, ఇక టైరొక్కటి గట్టిదైతే చాలు, ఎక్కడికైనా పోవచ్చనుకుంటారు.

ఎక్కడికైనా అంటే మన దగ్గర రేగట్లోకి అని అర్థం. నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి గట్టిపడుతుంది, అప్పుడు ఏ టైరైనా పోతుంది. తడిస్తే జిగురవుతుంది. రేగట్లో పది అడుగులు వేసినవాళ్లకు తెలుసు, చెప్పులు బరువెక్కి చివరికి చేతిలోకి వస్తాయి. టైరుకూ అదే గతి. మొదటి ఇరవై ముప్పై మీటర్లలోనే గాడులన్నీ మట్టితో నిండిపోతాయి. ఆ తర్వాత మీరు కొన్నది ఏటీ టైరైనా, అరిగిన గుండు టైరైనా నేలకు తగిలేది నున్నటి మట్టి పొరే. పైగా చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య సందులో రేగడి కూరుకుపోయి చక్రాన్నే పట్టేస్తుంది. ఇక్కడ ఇది వానాకాలపు తంటా మాత్రమే కాదు. వానలు దాదాపు అన్నీ జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడ్డా, యాసంగిలో కాలువ వదిలితే పొలం బాటలు మళ్లీ తడుస్తాయి. కేజ్ వీల్స్ ట్రాక్టర్లు, కోత మిషన్లు తిరిగిన బాటలో గాళ్లు లోతుగా పడి, కారు అడుగుభాగం మట్టికి ఆనుతుంది. గ్రాండ్ విటారా కింద ఉన్నది 210 మిల్లీమీటర్లు. ట్రాక్టరు గాడి అంతకన్నా లోతైతే నాలుగు చక్రాలూ గాలిలో తిరిగినట్టే.

అలాంటప్పుడు ఏటీ టైరు ఎందుకు? మొరం బాటకు, కంకర తేలిన రోడ్డుకు, అంచులు తెగిన డాంబరుకు, కట్ట మీద పొడుచుకొచ్చిన రాళ్లకు. కొత్త రోడ్డు టైరుకు, అంటే హెచ్‌టీ రకానికి, గాడి లోతు 7, 8 మిల్లీమీటర్లుంటే ఏటీకి 10 నుంచి 12 దాకా ఉంటుంది. పక్కగోడలు మందంగా ఉండి రాయి కోతను కొంత తట్టుకుంటాయి. పూర్తి బురద టైరు, ఎంటీ, గాడులు ఇంకా వెడల్పు కాబట్టి మట్టిని కొంత విదిలించుకుంటుంది. కానీ డాంబర్ మీద హోరు పెడుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు దూరం పెంచుతుంది. రుద్రూర్‌లో కారుకు ఎంటీ వేయడం నా లెక్కలో డబ్బు పోసి చెవిపోటు కొనుక్కోవడమే.

ఇక సైజు. టైరు పక్కగోడ మీద 215/60 ఆర్17 96హెచ్ అని ఉందనుకోండి. 215 వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే ఆ వెడల్పులో 60 శాతం పక్కగోడ ఎత్తు, 129 మిల్లీమీటర్లు. 17 అంగుళాల రిమ్ము 431.8 మిల్లీమీటర్లు. పైనా కిందా పక్కగోడలు కలిపితే మొత్తం వ్యాసం 689.8. గ్రాండ్ విటారా సైజు ఇదే. షాపువాళ్లు చెప్పే 'పెద్ద సైజు' 215/65 అయితే వ్యాసం 711.3 అవుతుంది, 3.1 శాతం ఎక్కువ. బండి లేచేది అందులో సగం, ఒక సెంటీమీటరు చిల్లర. ఆ సెంటీమీటరు కోసం ఏం పోతుందో చూడండి. స్పీడోమీటరు 100 చూపినప్పుడు బండి అసలు వేగం ముందుకన్నా 3 కిలోమీటర్లు ఎక్కువ. గేర్లు బరువెక్కుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, రేగడి కూరుకునే ఆ సందు ఇంకా ఇరుకవుతుంది. పెద్ద టైరు వేసినవాడే బురదలో ముందు ఆగిపోవడం ఇందుకే.

చివరి 96 మీద చాలామంది కన్ను పడదు. అది టైరు మోయగల బరువుకు గుర్తు, 710 కిలోలు. 94 అయితే 670, 98 అయితే 750. కొత్త టైరుది పాతదానికన్నా తగ్గకూడదు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల దాకా. ఏటీల్లో ఎస్, 180 దాకా, లేదా టీ, 190 దాకా, తరచు కనబడతాయి. మన రోడ్ల మీద ఏదైనా ఎక్కువే, కానీ బండి పుస్తకంలో రాసినదాని కన్నా కిందికి దిగేముందు కంపెనీ సర్వీసు సెంటర్‌ను అడగండి. సైజు ముందు ఎల్‌టీ అని ఉంటే అది చిన్న ట్రక్కుల టైరు. పదమూడు వందల కిలోల కారుకు అది బండరాయే, కుదుపులన్నీ నడుముకు వస్తాయి.

ఆల్‌వీల్ డ్రైవ్‌కు అన్నిటికన్నా పెద్ద నియమం నాలుగూ ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే అరుగుదల. ఎందుకో లెక్క చెబుతుంది. 689.8 మిల్లీమీటర్ల టైరు కిలోమీటరుకు 461 చుట్లు తిరుగుతుంది. గాడి 4 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం 8 తగ్గి, అదే కిలోమీటరుకు 467 దాకా తిరగాలి. తేడా ఐదు చుట్ల పైచిలుకు. నిజామాబాద్‌కు సుమారు 40 కిలోమీటర్లు పోయేసరికి రెండు వందల చుట్లు దాటుతుంది. ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఇలా వేరువేరు వేగంతో తిరుగుతుంటే ముందు చక్రాలు జారుతున్నాయని బండి పొరబడుతుంది. మధ్యలో ఉన్న క్లచ్ అస్తమానం పనిచేసి వేడెక్కుతుంది. అమెరికాలో సుబారు కంపెనీ నాలుగు టైర్ల చుట్టుకొలతలో తేడా పావు అంగుళం దాటకూడదంటుంది. గాడి లోతులో చెబితే అది ఒక్క మిల్లీమీటరు. అక్కడి షాపుల్లో కొత్త టైరును పాతవాటికి సరిపడేలా చెక్కి ఇచ్చేవాళ్లున్నారు. మన దగ్గర ఆ సౌకర్యం వెతకడం దండగ, కాబట్టి ఒక టైరు కోసుకుపోతే కనీసం ఆ ఇరుసు మీది జతనన్నా, తేడా ఎక్కువుంటే నాలుగింటినీ మార్చాలి.

అమెరికా మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. డెన్వర్‌లోనో మినియాపొలిస్‌లోనో ఉన్న కొడుకు ఫోన్‌లో "మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు గుర్తు ఉన్నది కొను నాన్నా" అంటాడు. అది మంచులో పట్టు పరీక్ష నెగ్గిన టైరుకు వేసే ముద్ర. మే నెలలో 44 డిగ్రీలు కాసే ఊళ్లో దానికి పైసా ఎక్కువ ఇవ్వక్కరలేదు.

డబ్బు లెక్కకు వద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పన్ను కాక 10,000 ఉన్న టైరు అప్పుడు 12,800, ఇప్పుడు 11,800. నాలుగింటి మీద 4,000 మిగులు. ఇప్పుడు ఉదాహరణకు ఏటీ నాలుగూ 47,200 రూపాయలు, హెచ్‌టీ నాలుగూ 36,000 అనుకుందాం, రెండూ 50,000 కిలోమీటర్లు నడుస్తాయనీ అనుకుందాం. కిలోమీటరుకు ఏటీ 94 పైసలు, హెచ్‌టీ 72. ఏటీ బరువెక్కువ, రోడ్డు మీద లాగుడెక్కువ కాబట్టి మైలేజీ 18 నుంచి 17కి పడిపోయిందనుకుంటే, 15,000 కిలోమీటర్లకు 49 లీటర్లు అదనం. లీటరు 108 చొప్పున దాదాపు 5,300 రూపాయలు. టైర్ల ధరలో తేడా, పెట్రోలు రెండూ కలిపితే కిలోమీటరుకు దాదాపు 58 పైసలు, ఏడాదికి ఎనిమిదిన్నర వేల పైమాట.

ఈ ఎనిమిదిన్నర వేలను దేనితో తూచాలి? పక్కగోడ కోతతో. పక్కగోడ తెగిన టైరుకు పంక్చర్ అతకదు, పారేయడమే. ఆల్‌వీల్ డ్రైవ్‌లో ఒకటి పోతే జత కొనాలని పైన చెప్పుకున్నాం. హెచ్‌టీ జత 18,000. అంటే మీరు రెండేళ్లకోసారి ఒక టైరును రాళ్ల బాటలో కోసుకుంటున్నారంటే ఏటీ ఖర్చు తిరిగి వచ్చినట్టే. ఐదేళ్లలో ఒక్క కోత కూడా పడని మనిషికి ఏటీ సోకు. ఆ ఐదేళ్లలో రేగట్లో పదిసార్లు దిగబడి ఉన్నా సరే, ఎందుకంటే ఆ పదింటిలో ఏటీ ఆదుకునేవి తక్కువ. ట్రాక్టరు పిలిపించక తప్పదు.

బ్రేకు సంగతి విడిగా చెప్పాలి. నాలుగు చక్రాలు లాగడం బండిని కదిలించడానికి సాయపడుతుంది, ఆపడానికి కాదు. బ్రేకు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటుంది. గంటకు 80 వేగంలో తడి డాంబరు మీద ఘర్షణ 0.5 ఉంటే బండి 50 మీటర్లలో ఆగుతుంది, 0.4 అయితే 63 పడుతుంది. ఆ 13 మీటర్లలో ఒక ట్రాక్టరూ దాని వెనుక చెరుకు ట్రాలీ పట్టేస్తాయి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరుకు ట్రాలీలు పలచబడ్డాయి గానీ, వెనుక లైటు లేని వడ్ల ట్రాలీలకు కొదవ లేదు. గాడులు వెడల్పైతే తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. అందుకే ఏటీలోనూ గాడులు మరీ విశాలంగా లేని, నడిమి వరుస దగ్గరగా ఉన్న మెతక రకాన్ని ఎంచుకోవాలంటాను. అపోలో ఆప్టెర్రా ఏటీ2, యోకోహామా జియోలాండర్ ఏటీ, సియట్ క్రాస్‌డ్రైవ్ ఏటీ లాంటి పేర్లు షాపులో వినబడతాయి. మీ సైజులో ఏది దొరుకుతుందన్నదే చాలాసార్లు ఎంపికను తేల్చేస్తుంది.

గాలి విషయంలో పేదా గొప్పా తేడా లేదు, ఖర్చు లేని పని. చక్రం మీద 400 కిలోల బరువుంటే 33 పీఎస్ఐ దగ్గర టైరు నేలకు ఆనే జాగా సుమారు 172 చదరపు సెంటీమీటర్లు, 22కు దించితే 258. మంజీర ఇసుకలో ఇది బాగా పనిచేస్తుంది, రేగట్లో అంత కాదు. దించితే మళ్లీ డాంబరు ఎక్కేముందు నింపాల్సిందే. నీళ్లు నిలిచిన రోడ్డు మీద టైరు తేలిపోయే వేగానికి నాసా పరిశోధకులు 1960లలో విమాన టైర్ల మీద పరీక్షలతో ఒక సూత్రం కట్టారు. దాని ప్రకారం 33 పీఎస్ఐ దగ్గర అది గంటకు 96 కిలోమీటర్లు, 22 దగ్గర 78.

వాగు పొంగితే మాత్రం ఏ టైరూ లెక్కలోకి రాదు. కారు అడుగు విస్తీర్ణం 7 చదరపు మీటర్లనుకుంటే, నేలపలక మీదికి వచ్చే ప్రతి 10 సెంటీమీటర్ల నీరూ 700 కిలోలు పైకి లేపుతుంది. పదమూడు వందల కిలోల బండి, కింది 21 సెంటీమీటర్ల ఖాళీతో కలిపి, దాదాపు 40 సెంటీమీటర్లలో, మోకాలి లోతులో, తేలుతుంది.

కొనే రోజు పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర వెతకండి. 2325 అంటే 2025లో 23వ వారం తయారీ. ఏడాది దాటినది వద్దనండి, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15633 సంఖ్య చూడండి. నాలుగు టైర్ల తారీఖులూ బిల్లు మీద రాయించుకోండి, షాపువాళ్లు విసుక్కున్నా. అలైన్‌మెంట్ చేయించి, బోధన్‌కు మూడు నాలుగుసార్లు పోయొచ్చాక, అంటే వంద కిలోమీటర్లకు, చక్రాల నట్లు మళ్లీ బిగించి చూడాలి. జిమ్నీ, థార్ వాళ్లకు వెనుక తలుపు మీద పూర్తి సైజు స్టెప్నీ ఉంటుంది కాబట్టి ఐదు కొని ఐదింటినీ వంతులవారీగా తిప్పుకోవడం మేలు. ఒక్కోటి 50,000 నడిచేదైతే ఐదూ కలిసి బండిని 62,500 కిలోమీటర్లు లాగుతాయి, ఐదో టైరు ఎండకు ఊరికే ఎండిపోదు.