కొత్త బ్యాంకు.. పాత డాలరు

మండల కేంద్రాల నుంచి జిల్లా కేంద్రాలకు వెళ్లే సింగిల్ రోడ్లను డబుల్ రోడ్లు చేయడానికి, పాడైన వంతెనలను మళ్లీ కట్టడానికి 2021లో ఆంధ్రప్రదేశ్ కోసం ఒక అప్పు ఖరారైంది. రెండు ప్రాజెక్టులకు కలిపి 64.6 కోట్ల డాలర్లు. ఇలాంటి అప్పు అనగానే మనకు తట్టేది ప్రపంచ బ్యాంకే. ఆ బ్యాంకు షరతులపై మండిపడ్డ 2000 నాటి కరెంటు చార్జీల ఉద్యమం చూసినవాళ్లకు ఆ పేరు ఇప్పటికీ చేదే. ఈసారి అప్పిచ్చింది వాషింగ్టన్ కాదు, షాంఘై. బ్రిక్స్ దేశాలు పెట్టుకున్న న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు.

వేరు కుంపటి ఎందుకు పెట్టాల్సి వచ్చిందో తెలియాలంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి ఓట్ల లెక్క చూడాలి. అక్కడ కీలక నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. ఒక్క అమెరికా చేతిలోనే 16 శాతానికి పైగా ఉన్నాయి. మిగతా లోకమంతా చేయెత్తినా అమెరికా కాదంటే అంతే సంగతులు. చైనా, భారత్ లాంటి దేశాలకు కాస్త వాటా పెంచుదామని 2010లో అందరూ ఒప్పుకున్నారు. అమెరికా కాంగ్రెస్ దాన్ని 2015 డిసెంబరు దాకా నానబెట్టింది. ప్రపంచ బ్యాంకు అధ్యక్ష పీఠం అమెరికాది, ద్రవ్యనిధి పగ్గాలు ఐరోపావి అన్నది ఎక్కడా రాసుకోని ఒప్పందం. పుణెలో పుట్టిన అజయ్ బంగా 2023లో ఆ పీఠమెక్కారని మనవాళ్లు మురిసిపోయారు గానీ, ఆయన ఎక్కింది అమెరికా పౌరుడిగానే.

ఆ నాన్చుడు సాగుతుండగానే, 2014 జులైలో బ్రెజిల్‌లోని ఫోర్తలేజాలో కొత్త బ్యాంకుకు సంతకాలయ్యాయి. బ్రెజిల్, రష్యా, భారత్, చైనా, దక్షిణాఫ్రికా తలా వెయ్యి కోట్ల డాలర్ల వాటా రాసుకున్నాయి. ఓట్లు సమానం, వీటో ఎవరికీ లేదు. చైనా ఆర్థిక వ్యవస్థ మిగతా నాలుగింటినీ కలిపినా వాటికంటే పెద్దది. అలాంటి చైనా భారత్ పక్కన సమాన వాటాతో కూర్చోవడం చిన్న విషయం కాదు. ప్రధాన కార్యాలయం షాంఘైకి వెళ్లింది, తొలి అధ్యక్ష పదవి మన కె.వి.కామత్‌కు దక్కింది. బేరం సరిపోయింది.

అసలు పరీక్ష 2022లో వచ్చింది. ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలవగానే పశ్చిమ దేశాలు రష్యా విదేశీ నిల్వల్లో దాదాపు 30 వేల కోట్ల డాలర్లను స్తంభింపజేశాయి. ఆపదలో బ్రిక్స్ బ్యాంకు ఆదుకుంటుందనుకుంటే, అదీ మార్చిలో రష్యాకు కొత్త అప్పులు ఆపేసింది, వ్యవస్థాపక సభ్యదేశమని కూడా చూడకుండా! కారణం కనిపిస్తూనే ఉంది. అప్పివ్వాలంటే బ్యాంకు ముందు మార్కెట్లో బాండ్లు అమ్మి తాను అప్పు తేవాలి. ఎంత వడ్డీకి దొరుకుతుందో తేల్చేది పాశ్చాత్య రేటింగ్ సంస్థలు. అప్పులో పెద్ద భాగం డాలర్లలోనే. షాంఘైలో ఎంత ఎత్తు భవనం కట్టుకున్నా దాని ఊపిరి డాలరు దగ్గరే ఉంది.

మరి సొంత కరెన్సీల్లో లావాదేవీలు జరుపుకోవచ్చుగా? రష్యా చమురు మనం జోరుగా కొంటున్న రోజుల్లో ఆ ముచ్చటా జరిగింది. 2023 మేలో గోవాకు వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్, భారతీయ బ్యాంకుల్లో వందల కోట్ల రూపాయలు పేరుకున్నాయని, వాటిని వాడుకోలేకపోతున్నామని బాహాటంగానే చెప్పుకున్నారు. మనం కొనేది కొండంత, వాళ్లకు అమ్మేది గోరంత అయినప్పుడు ఆ రూపాయలతో వాళ్లేం చేసుకుంటారు? డాలర్లేమో స్తంభించిపోవచ్చు, సొంత కరెన్సీలకేమో ఈ చిక్కు. అందుకే కేంద్ర బ్యాంకులు బంగారం వైపు తిరిగాయి. 2022 నుంచి వరసగా మూడేళ్లు ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి.

కాబట్టి పాత పెద్దల పెత్తనం కూలిపోతోందన్న మాటను నేను నమ్మను. ఎదుగుతున్న దేశాలు పాత ఇంటిని పడగొట్టడం లేదు, అందులో గదుల కోసం బేరమాడుతున్నాయి. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో ఆఫ్రికన్ యూనియన్‌ను జీ20లో చేర్చుకోవడం ఆ బేరాల్లో ఒక గెలుపు. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి దగ్గరే అంతా ఆగిపోతోంది. 1965లో సభ్యుల సంఖ్య 11 నుంచి 15కు పెరిగినా, శాశ్వత సభ్యులు మాత్రం ఆ అయిదుగురే. అడ్డుపడుతున్నది పెద్దలు మాత్రమే అనుకుంటే పొరపాటు. 2025 ఏప్రిల్‌లో రియోలో బ్రిక్స్ విదేశాంగ మంత్రులు కలిసినప్పుడు, మండలిలో చోటుకు ఆఫ్రికా తరఫున దక్షిణాఫ్రికా పేరు రాయడానికి కొత్తగా చేరిన ఈజిప్టు, ఇథియోపియా ససేమిరా అన్నాయి. ఉమ్మడి ప్రకటన కుదరలేదు. ఆతిథ్యమిచ్చిన బ్రెజిల్ అధ్యక్ష హోదాలో తానే ఒక ప్రకటన ఇచ్చి సరిపెట్టింది.