సంగీత చికిత్సకుని సంచిలో ఏమున్నది?

బాలలూ! పూర్వం మన ఆకివీడు చుట్టుపక్కల ఊడ్పుల రోజుల్లో పొలాలన్నీ పాటలతో మారుమోగేవి. ఒకామె పాట ఎత్తుకునేది, తక్కినవారు అందుకునేవారు. పాట సాగినంతసేపూ చేతులన్నీ ఒక్క తీరున నారు నాటుతూ పోయేవి. కావలిస్తే మీ అమ్మమ్మ నడిగి చూడండి. పాటలోని లయ మనిషి కదలికను తన వెంట నడిపిస్తుందన్నమాట!

ఈ శక్తిని రోగుల మేలుకు వినియోగించడమే సంగీత చికిత్స. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం అమెరికా ఆసుపత్రులలో సంగీతకారులు పాడేవారు. కాని పాట వచ్చినంత మాత్రాన రోగి సంగతి తెలియదు గదా! అందుకని దీనికి ప్రత్యేకమైన చదువు ఏర్పడింది. 1950లో అక్కడ ఒక జాతీయ సంఘం పుట్టింది. 1998లో అది మరొక సంఘంతో కలిసి అమెరికన్ సంగీత చికిత్స సంఘం అయింది. ఆ సంఘం ఏటేటా మహాసభ జరుపుతుంది. మన తెలుగువారిలో, 1930లో శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు కూడా ఈ విద్యపై శ్రద్ధ చూపారు.

ఇటువంటి సభకు బయలుదేరే చికిత్సకుడు ఏమి సర్దుకోవాలి? వీణా? మృదంగమా? కాదు, అన్నిటికంటె ముఖ్యమైనది నోటుపుస్తకం!

కాలు ఈడ్చి నడిచే రోగి ఒకడున్నాడనుకోండి. తాళం వినకముందు నిమిషానికి ఎన్ని అడుగులు వేశాడు? వింటున్నప్పుడు ఎన్ని? ఆపిన తరువాత ఎన్ని? ఇవన్నీ అందులో ఉండాలి. రోగి పేరు మాత్రం ఉండకూడదు. అతని సంగతి నలుగురిలో చెప్పాలంటే అతని అనుమతి కావాలి. తాను ఊళ్ళో లేని రోజుల్లో రోగులను ఎవరు చూస్తారో కూడా ముందుగానే వారికి చెప్పాలి.

సభలో తోటివారు ఊరికే చప్పట్లు కొట్టి ఊరుకోరు. “ఎంతమందిని చూశారు? ఎవరితో పోల్చారు?” అని అడుగుతారు. 1996లో మైకేల్ థౌట్ బృందం పార్కిన్సన్ జబ్బు వల్ల నడక మందగించినవారిని పరీక్షించింది. కొందరు మూడు వారాలు లయ వింటూ నడక సాధన చేశారు. కొందరు లయ లేకుండా చేశారు. కొందరు అసలు చేయలేదు. లయ విన్నవారి నడక వేగం సుమారు నాలుగో వంతు పెరిగింది, తక్కినవారికంటె ఎక్కువగా. పోల్చి చూశారు కాబట్టే ఆ మాటకు విలువ వచ్చింది.

“ఫలానా రాగం పాడితే ఫలానా జబ్బు పోతుంది” అని ఎవరైనా అనగానే నమ్మవచ్చునా? అది నమ్మి ఒక తల్లి బిడ్డకు మందు మానిపిస్తే ఎంత ప్రమాదం! సంగీతం వైద్యానికి తోడేగాని, మందుకు బదులు కాదు. అందుచేత మంచి చికిత్సకుడు ఫలించినవాటితోపాటు ఫలించనివాటినీ సంచిలో పెట్టుకుని వెళతాడు.

మీరూ చేసి చూడండి. ఒక నిమిషం మామూలుగా నడిచి అడుగులు లెక్కపెట్టండి. తరువాత స్నేహితుడు చప్పట్లతో తాళం వేస్తుండగా నడవండి. అయిదుసార్లు చేసి, వచ్చినవన్నీ రాయండి. అనుకున్నట్టు రాని లెక్కను కొట్టివేయకండి సుమా! సత్యం దానిలోనే ఉండవచ్చు.