బ్యాగులో పెట్టే ముందు ఒక ఫోటో

ఇన్‌స్టాలో ఇలాంటి ఫోటోలు అందరం చూసే ఉంటాం. నేలమీద దుప్పటి, దానిమీద మడతపెట్టిన టీషర్టులు, ఛార్జరు, బూట్లు, ఇయర్‌ఫోన్లు... అన్నీ స్కేలు పెట్టి గీసినట్టు వరసగా. పైనుంచి తీసిన ఫోటో. "బ్యాగు సర్దుకోడానికి ఇంత బిల్డప్పా?" అనిపిస్తుంది. కానీ ఇందులో లైకులకు మించిన పని ఒకటి ఉంది.

దీన్ని నోలింగ్ అంటారు. 1987లో అమెరికాలో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ ఫర్నిచర్ వర్క్‌షాపును శుభ్రం చేసే ఆండ్రూ క్రోమెలో, చెల్లాచెదురుగా పడున్న పనిముట్లన్నిటినీ ఒకదానికొకటి లంబకోణంలో సర్దేవాడు. అప్పుడక్కడ నోల్ అనే కంపెనీకి కుర్చీలు డిజైన్ చేస్తున్నారు. ఆ కంపెనీ ఫర్నిచర్‌లోని కోణాల వల్ల ఈ సర్దుడుకీ ఆ పేరే వచ్చింది. అక్కడే పనిచేసిన శిల్పి టామ్ శాక్స్ తర్వాత దీన్ని అందరికీ పరిచయం చేశాడు. అంటే ఇది మొదట ఫోటో కోసం పుట్టింది కాదు, ఏ పనిముట్టు ఎక్కడుందో ఒక్క చూపులో తెలియడానికి.

ప్రయాణానికీ అదే సూత్రం. కుప్పలో లేని వస్తువు కంటికి ఆనదు. వరసలో అయితే ఖాళీ కనిపిస్తుంది: ల్యాప్‌టాప్ ఉంది, పక్కన ఛార్జరేది? అందుకే రంగుల్ని బట్టి కాకుండా వాడకాన్ని బట్టి వరసలు పెట్టండి. విమానమైతే చేతిలో ఉంచుకునేవి ఒక వైపు, చెకిన్‌లో వేసేవి ఇంకో వైపు. పవర్‌బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో గుణించి 1000తో భాగిస్తే 74 వాట్-అవర్లు, 100 లోపే కాబట్టి మామూలుగా ఇబ్బంది లేదు. అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా మాత్రం చెకిన్ వైపే!

ఇక ఫోటో. ఫోను నేలకి సమాంతరంగా లేకపోతే దూరంగా ఉన్న వైపు కుంచించుకుపోయి, చతురస్రం కాస్తా ట్రెపీజియం అవుతుంది. కెమెరాలో గ్రిడ్, లెవెల్ ఆన్ చేస్తే చాలా ఫోన్లలో, కిందికి తిప్పినప్పుడు రెండు ప్లస్ గుర్తులు వస్తాయి. అవి ఒకదానిమీద ఒకటి కలిస్తే సరిగ్గా ఉన్నట్టు. ఫోను దగ్గరగా పెడితే సీసాల్లాంటి ఎత్తైన వస్తువులు అంచుల్లో బయటికి వాలినట్టు పడతాయి. హాస్టల్ మంచమో కుర్చీయో ఎక్కి, పైనుంచి 2ఎక్స్ జూమ్‌లో తీస్తే ఆ వాలు తగ్గుతుంది. ట్యూబ్‌లైటు మీ వెనక ఉంటే మీ తల నీడే సామాన్లమీద పడుతుంది. లైటు ఆర్పి, పగలు కిటికీ పక్కన తీయండి.

ఎమ్మెస్‌కి వెళ్ళే సీనియర్లకి ఇది ఇంకా అవసరం. రెండు 23 కిలోల పెట్టెల్లో ఒకటి బెల్టుమీద రాకపోతే, ఎయిర్‌పోర్టు దాటకముందే ఎయిర్‌లైన్ కౌంటర్లో రిపోర్టు రాయించాలి. పెట్టె ఇక దొరకదని తేలితే లోపల ఏమున్నాయో జాబితా అడుగుతారు. అప్పుడు గుర్తుతెచ్చుకుని రాయడం కంటే పెట్టెకొక ఫోటో చొప్పున చూసి రాయడం సులువు. మూసిన పెట్టెని బయటినుంచి కూడా ఒకటి తీయండి, రంగు, సైజు అడుగుతారు.

ఇన్ని చేశాక పోస్టు చేయాలనిపిస్తే చేసుకోండి. పాస్‌పోర్టు మాత్రం మూసి పెట్టండి, బోర్డింగ్ పాస్ ఫ్రేములోంచి తీసేయండి. దానిమీది బార్‌కోడ్‌లో మీ పేరు, బుకింగ్ నంబరు ఉంటాయి.