ముసలి ఇంజను: మరమ్మతా? మార్పా?

పాత మోటారు సైకిలు పొగ వదలడం మొదలుపెట్టిందంటే ఆ ఇంటికి వచ్చేపోయే ప్రతి ఒక్కరూ వైద్యులే. రోగమేమిటో ఎవరికీ తెలియదు గాని, మందు మాత్రం అందరికీ తెలుసు. మా బావగారు "అమ్మి పారెయ్యి" అన్నారు. పక్కింటాయన "ఆటోనగరులో పాత ఇంజను దొరుకుతుంది, తెచ్చి బిగించెయ్యండి" అన్నారు. మా కాలేజీలో లెక్కలు చెప్పే ఆయన "రింగులు మారిస్తే చాలు" అని తేల్చేశారు. బండిని విప్పి చూసినవాడు ఒక్కడూ లేడు. దున్నపోతు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నారట వెనుకటికి!

ఈ ప్రశ్న మా ఒక్క ఇంటిది కాదు. నెల జీతం మీద బతికే ప్రతి సంసారంలోనూ ఏదో ఒకనాడు ఇది వచ్చి కూర్చుంటుంది. అందుకని మా బండి కథ కొంచెం వివరంగా చెబుతాను. కథ కంటే లెక్క ముఖ్యం.

మాది బుల్లెట్టు, 350 సి.సి. బండి. 1987లో మా నాన్నగారు కొన్నారు. వ్యవసాయ శాఖలో ఉద్యోగం, రోజూ నాలుగైదు ఊళ్ళు తిరగాలి. కాలువ గట్ల మీద, వరిచేల మధ్య డొంకల మీద ఆయనను మోసిన బండి అది. ఆయన రిటైరయిన తరువాత నా చేతికి వచ్చింది. ఇన్నేళ్ళు పనిచేసిన యంత్రం అరిగిపోతే అది ఎవరి తప్పూ కాదు, వయసు.

ఈ బండి పుట్టుక ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణంలో. మన సైన్యానికి ఈ వాహనం నచ్చడంతో 1955లో మద్రాసు మోటార్స్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడింది. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పెట్టారు. మొదట విడిభాగాలు తెచ్చి బిగించేవారు. తరువాత అన్నీ ఇక్కడే చేయసాగారు. 1970 దశకం మొదట్లో ఇంగ్లండులో అసలు కంపెనీయే మూతబడింది. పుట్టింటివారు పోయినా అత్తవారింట కాపురం చల్లగా సాగినట్లు, బండి మాత్రం మన దేశంలో నిలిచిపోయింది. దాని వల్ల మనకొక లాభం జరిగింది. పోత ఇనుప సిలిండరు వున్న ఆ పాత ఇంజను దశాబ్దాలపాటు పెద్ద మార్పులేమీ లేకుండా తయారయింది గనుక, దాని సామాను ఇప్పటికీ దొరుకుతుంది. దాన్ని విప్పి బిగించగల చేతులు కూడా ఇంకా వున్నాయి.

ఇక రోగ నిర్ణయం. మొదట చూడవలసినది పొగ రంగు. నల్లటి పొగ అయితే పెట్రోలు ఎక్కువవుతున్నదన్న మాట. కార్బ్యురేటరు సర్దితే, గాలి వడపోత శుభ్రం చేస్తే సాధారణంగా పోతుంది. తెల్లవారుజామున చలిలో కనిపించి మాయమయ్యే తెల్లటిది చెమ్మ; దానికి భయం లేదు. నీలంగా వచ్చేదే ఇంజను ఆయిలు కాలి వచ్చే పొగ. అందులోనూ రెండు రకాలు. బండి స్టార్టు చేయగానే గుప్పున వచ్చి తగ్గిపోతే వాల్వు గైడ్ల నుంచి ఆయిలు కారుతున్నదని అనుమానించాలి. యాక్సిలరేటరు తిప్పినకొద్దీ విడవకుండా వస్తుంటే రింగులూ సిలిండరూ అరిగినట్లు. గైడ్ల పనికి హెడ్డు దించితే చాలు. సిలిండరు పనికి ఇంకా కిందికి దిగాలి. ఖర్చు కూడా మనతోపాటు దిగుతుంది.

మా మేస్త్రి ఇంకొక పరీక్ష చేశాడు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో కంప్రెషను గేజి పెట్టి కిక్కు కొట్టి అంకె చూశాడు. తరువాత రెండు చెంచాల ఆయిలు లోపల పోసి మళ్ళీ చూశాడు. అంకె పెరిగింది. ఆయిలు వెళ్ళి రింగుల పక్కనున్న సందును కాసేపు మూసిందన్న మాట. కనుక లోపం అక్కడే. అంకె పెరగకపోతే వాల్వులనో హెడ్డు గాస్కెట్టునో అనుమానించాలి. అయిదు నిమిషాల పని. ఈ పరీక్ష చేయకుండా "ఇంజను పని చేయించాలి" అనే మనిషికి బండి అప్పగించరాదు.

మూడవది చెవి పరీక్ష. పైన టకటకమంటే ట్యాపెట్లు. చల్లగా వున్నప్పుడు సిలిండరులో తప్పుతప్పుమని కొట్టుకుని, వేడెక్కాక తగ్గితే పిస్టను వదులు. బరువు లాగేటప్పుడు అడుగు నుంచి ధనధనమని వినిపిస్తే కనెక్టింగు రాడ్డు పెద్ద బేరింగు. ఈ మూడవ మోతను మాత్రం వాయిదా వేయకూడదు. దారిలో రాడ్డు విరిగితే ఇంజనుతోపాటు మనిషి కూడా ప్రమాదంలో పడతాడు. మా బండిలో ఆ మోత సన్నగా వినిపిస్తున్నదని మేస్త్రి అనుమానం.

"బోరు పోయింది మాస్టారూ" అన్నాడు చివరకు. పాతికేళ్ళుగా తెలుగు చెబుతున్న నాకు ఆ మాట కొత్త కాదు. మా పిల్లలు తరగతిలో ఆవులిస్తూ అనే బోరు ఒకటి, మా ఊళ్ళో చేలో నీళ్ళు పడని బోరు మరొకటి. ఈ మూడవ బోరు లోతు మాత్రం అంకెలలో వుంది. మా బండి సిలిండరు అడ్డకొలత 70 మిల్లీమీటర్లు. పిస్టను పైకీ కిందికీ తిరిగే దూరం 90. లెక్క కడితే 346 సి.సి. వస్తుంది. పిస్టను పైకి వెళ్ళి ఆగేచోట వేడి ఎక్కువ, ఆయిలు తక్కువ; అందుచేత సిలిండరు పైభాగం త్వరగా అరుగుతుంది. పైగా పిస్టను ఒక పక్కకు ఒరుగుతుంది గనుక గుండ్రని గొట్టం కాస్తా కోడిగుడ్డు వాటం తిరుగుతుంది. అందుకే లేతు షాపులో బోరు గేజితో పైన, నడుమ, కింద మూడు చోట్ల, ఒక్కొక్కచోట అటూ ఇటూ రెండేసి సార్లు కొలుస్తారు. తేడా మిల్లీమీటరులో నూరవ వంతులలో వుంటుంది. అంత సన్నని తేడాకే నీలం పొగ!

దీనికి మందు బోరు కొట్టించడం. సిలిండరును కాస్త పెద్దది చేసి, ఆ కొలతకు సరిపడే పెద్ద సైజు పిస్టనూ రింగులూ వేస్తారు. ఇక్కడ ఒక నియమం వుంది: ముందు పిస్టను కొనాలి, తరువాత దాన్ని కొలిచి బోరు కొట్టాలి. కాలు చూసి చెప్పు కుట్టినట్లు. అర మిల్లీమీటరు పెంచినా ఇంజను పరిమాణం 351 సి.సి. దగ్గరే వుంటుంది, బండి స్వభావం మారదు. ఇలా రెండు మూడు విడతలు పెంచుకోవచ్చు. ఆపైన గోడ పలచబడుతుంది. అప్పుడు లోపల కొత్త లైనరు దిగ్గొట్టించాలి. మా సిలిండరు అంతకుముందు ఒక్కసారే బోరు పడింది. అంటే ఇంకా ఆయుష్షు మిగిలి వుంది.

నేను మేస్త్రిని ఒక్క ధర అడగలేదు, మూడు ధరలు వేరువేరుగా రాయించుకున్నాను. తప్పనిసరి పని, అంటే బోరు, పిస్టను, వాల్వు గైడ్లు, గాస్కెట్లు: 14,000 రూపాయలు. పెద్ద బేరింగు పోయి వుంటే మరో 8,000. క్రాంకు బేరింగులు కూడా పోతే ఇంకో 4,000. మొత్తం 26,000కు మించదు. "హెడ్డు దించేవరకు దేవుడికి కూడా తెలియదు మాస్టారూ" అన్నాడు. నిజమే. కాని ఎంతవరకు తెలియదో ముందే తెలిస్తే సంసారి నిద్రపోగలడు. అలా రాయించుకోకపోతే, కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అవుతుంది.

ఇక ఇంజను మార్చే సంగతి. విజయవాడ ఆటోనగరులో పాత ఇంజను 30,000కు వస్తుందన్నారు. పని త్వరగా అవుతుంది, ఒక్క రోజులో బిగించవచ్చు. కాని నాకొక సందేహం: ఆ ఇంజను అక్కడికి ఎందుకు వచ్చింది? బాగుంటే బండిలోనే వుండేది కదా! ప్రమాదంలో చితికిన బండిదైతే మంచిదే కావచ్చు. దొంగ బండిదైతే దాని నెంబరు మన మెడకు చుట్టుకుంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇంజను మార్పు గురించి కూడా చెబుతుంది. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకూ బండికీ తేడా రాకూడదు; మార్పు జరిగితే 14 రోజులలోగా రిజిస్ట్రేషను అధికారికి తెలియజేసి పత్రంలో ఎక్కించుకోవాలి. 15 ఏళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి గనుక, ఆ నెంబరు ఎప్పటికైనా బయటపడేదే. బిల్లు లేని ఇంజను ఎంత చవకైనా ఖరీదే.

కొత్త బండి కొంటే? పాతది అమ్మగా వచ్చేది పోను, నాకు 1,20,000 దాకా పడుతుంది. పదేళ్ళు నడుస్తుందనుకుంటే నెలకు వెయ్యి. మరమ్మతుకు 22,000 అయి, అది అయిదేళ్ళే నిలిచినా నెలకు 370 దాటదు. లెక్క మరమ్మతు వైపే మొగ్గింది.

అయితే అన్ని బండ్లకూ ఈ లెక్క ఇలాగే రాదు. మా లెక్కల లెక్చరరుగారి నూరు సి.సి. బండికి చైను తెగి, ఇంజను కేసింగు పగిలింది. ఆ రకం బండ్లలో ఇంజనూ గేరుబాక్సూ ఒకే పెట్టెలో వుంటాయి, ఒకే ఆయిలు తాగుతాయి. పెట్టె పగిలితే రెండూ విప్పాలి. మా పాత బుల్లెట్టులో గేరుబాక్సు వేరు; ఇంజను దించినా దాన్ని విప్పనక్కరలేదు. ఆయనకు చెప్పిన మరమ్మతు ఖర్చు బండి ధరలో సగం దాటింది. పైగా చక్రాలు, షాకబ్జార్లు, వైరింగు అన్నీ వంతులవారీగా చేతికి వస్తున్నాయి. ఆయన దాన్ని వదిలించుకుని కొత్తది కొన్నారు. అది తెలివైన పని. శరీరమంతా శిథిలమైనప్పుడు గుండె ఒక్కదాన్నీ బాగు చేయించి ప్రయోజనమేమిటి?

మా ఇంట్లో చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. బ్యాంకులో వున్నది మా అమ్మాయి హాస్టలు ఫీజు, 30,000. జూనులో కట్టాలి. మా ఆవిడ ఒకే మాట అంది: "బండి ఆగితే బస్సుంది. చదువు ఆగితే ఏముంది?" దానికి జవాబు లేదు. నేను నాన్నగారి దగ్గర కూర్చున్నాను. ఆయనకు 79 ఏళ్ళు. బండి ఎక్కి చాలాకాలమయింది గాని, సాయంత్రం పూట పోయి దాని సీటు మీద చెయ్యి వేసి నిలబడతారు. అమ్మేస్తే బాధపడతారేమోనని నా భయం.

ఆయన కాగితం మీద అంకెలన్నీ చదివారు. "నా కోసమయితే చేయించకురా" అన్నారు. "గుర్తుకు ఫొటో చాలు. రోజూ ఎక్కి తిరుగుతావా? తిరిగేటట్లయితే చేయించు. షెడ్డులో పెట్టి దణ్ణం పెట్టుకోవడానికయితే అమ్మెయ్యి."

నాకు కావలసిన తూకపురాయి అదే. రోజూ పద్దెనిమిది కిలోమీటర్లు కాలేజీకి పోయిరావాలి. బండి నాకు పని. ముందు ఫీజు కట్టాము. మూడు నెలలు బస్సులో తిరిగాను. ఆ అడుగు మోత తేలేదాకా బండి కదపవద్దని మేస్త్రి గట్టిగా చెప్పాడు. సెప్టెంబరులో ఇంజను దించారు. పెద్ద బేరింగు పోయిందన్న అనుమానం నిజమయింది. క్రాంకు బేరింగులు మాత్రం బాగున్నాయి. బిల్లు సరిగ్గా 22,000. మార్చిన పాత సామానంతా సంచిలో వేయించుకుని ఇంటికి తెచ్చాను. తినేసినట్లు గాడి పడిన ఆ బేరింగు చూస్తే, మూడు నెలలు బస్సెక్కడం దండగ కాలేదని తెలిసింది.

బండి వచ్చిననాడు నాన్నగారు కుర్చీలోనుంచే చెవి ఒగ్గి విన్నారు. "ఒక ట్యాపెట్టు వదులుగా వుంది" అన్నారు. మేస్త్రి చూస్తే అదీ నిజమే!

బోరు కొట్టిన ఇంజను కొత్త కోడలు లాంటిది. మొదటి 500 కిలోమీటర్లు సుతారంగా చూసుకోవాలి. వేగం మించకూడదు, పెద్ద గేరులో ఈడ్చకూడదు, ఎండలో ఆపకుండా తోలకూడదు. కొత్త రింగులు ఒరుసుకునేటప్పుడు రాలే ఇనుప రజను ఆయిలులో కలుస్తుంది గనుక మొదటి ఆయిలు త్వరగా మార్చేయాలి.

ఇటువంటి చిక్కు వచ్చిన గృహస్థులకు నేను చెప్పగలిగినది ఇంతే. విప్పక ముందు పరీక్ష చేయించండి. విప్పాక కొలతలు కాగితం మీద అడగండి. ఖర్చుకు ఒక గట్టు కట్టి, అది దాటితే ఆగిపోండి. ఇంజను ఒక్కటే కాక బండి మొత్తాన్ని చూడండి: చట్రం గట్టిగా వుండి, సామాను దొరుకుతూ, చేసే చెయ్యి నమ్మకమైనదయితే మరమ్మతు మంచిది, లేకపోతే మార్పు మంచిది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు పెద్దలు. నిజానికి కొత్తయినా పాతయినా, రోజూ మనను మోసి క్షేమంగా ఇంటికి చేర్చేదే మంచి బండి.