ఊరికి ‘టు’, గంటకు ‘ఎట్’... ఎందుకు?

విజయనగర కాలంలోనూ, ఆ తర్వాత మదురై నాయకుల ఏలుబడిలోనూ ఎన్నో తెలుగు కుటుంబాలు మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. ఆ ఇళ్లలో ఇప్పటికీ తెలుగు మాట్లాడే పిల్లలకు వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు.

రేపటి సంగతి చెప్పడంలో ఈ మూడింటిదీ తలో దారి. ‘రోజూ వెళ్తాను’, ‘రేపు వెళ్తాను’: తెలుగులో క్రియ ఒకటే. తమిళంలో ‘పోగిరేన్’ ఇప్పటిది, ‘పోవేన్’ రాబోయేది. ఇంగ్లీషు క్రియకు భవిష్యత్తు రూపమే లేదు! అందుకే ‘విల్’ను తోడు తెచ్చుకుంది. పాత ఇంగ్లీషులో దానర్థం ‘కోరుకోవడం’. దాని తర్వాత క్రియ మారదు: ‘షి విల్ గో’, ‘గోస్’ కాదు.

అసలు చిక్కు విభక్తులది. మదురైకి, ఆరింటికి అంటాం. తమిళంలోనూ మదురైక్కు, ఆరు మణిక్కు. ఊరికీ గంటకూ ఒకటే ప్రత్యయం. ఇంగ్లీషు రెండిటినీ విడదీస్తుంది: ‘ఐ విల్ కమ్ టు మదురై ఎట్ సిక్స్’. కానీ ‘రీచ్’కు ‘టు’ అక్కర్లేదు. ఆ క్రియ ఊరిని నేరుగా కర్మగా తీసుకుంటుంది.

‘సోమవారం ఇస్తాను’ అంటే ‘ఆన్ మండే’, ‘సోమవారానికల్లా’ అంటే ‘బై మండే’. హోంవర్క్ విషయంలో టీచర్లు ఈ తేడా అస్సలు మరిచిపోరు!