మాత్రలు లెక్కపెట్టే వేళ్లు

కేన్సరు మందుల ధరల ప్రస్తావన రాని పార్లమెంటు సమావేశం ఇటీవలి కాలంలో అరుదు. 2019 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం 42 కేన్సరు మందులపై వర్తకుల లాభానికి 30 శాతం పరిమితి విధించింది. 2025 బడ్జెట్టులో 36 ప్రాణరక్షక ఔషధాలపై దిగుమతి సుంకాన్ని పూర్తిగా ఎత్తివేసింది. సభ్యులు బల్లలు చరిచారు. చరచదగిన విషయమే. అయితే ఆ మందును సీసాలోంచి తీసి, లెక్కపెట్టి, అవసరమైతే సగానికి విరిచి, పొట్లం కట్టి రోగికి అందించే మనిషిని గురించి ఒక్క ప్రశ్న అయినా వచ్చినట్లు, పత్రికల గ్యాలరీలో కూర్చున్న ఇన్నేళ్లలో, నాకు గుర్తు లేదు.

కేన్సరు చికిత్స అనగానే సెలైను సీసా, సూది మన కళ్లకు కడతాయి. నేడు ఆ చికిత్సలో చాలా భాగం మాత్రల రూపంలో జరుగుతున్నది. కీళ్లవాతానికి సైతం మెథోట్రెక్సేటు మాత్రను వారానికొకసారి మింగమంటున్నారు. సూదిమందును కలిపే నర్సుకు పెద్ద ఆసుపత్రులలో గాలిని లోపలికి లాగివేసే ప్రత్యేకమైన బల్ల, తొడుగులు ఉంటాయి. మాత్రను అందించే కాంపౌండరుకు అవేవీ ఉండవు. మాత్ర గదా, ఏమి చేస్తుందిలే అన్న ధీమా!

ఈ మందులను వాడే నర్సుల మూత్రంలో జన్యువులను మార్చగల పదార్థాల జాడలు కనిపించాయని ఫిన్లాండు పరిశోధకులు 1979లోనే 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. అమెరికా వృత్తిరక్షణ పరిశోధన సంస్థ నియోష్ 2004లో హెచ్చరిక జారీచేసి, ప్రమాదకర ఔషధాల జాబితాను అప్పటినుంచి సవరిస్తూ వస్తున్నది. సైక్లోఫాస్ఫమైడు, మెల్ఫలాన్, క్లోరాంబుసిల్, బుసల్ఫాన్, ఈ నాలుగూ మనుషులకు కేన్సరు కలిగించగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థే తేల్చింది. నాలుగూ మాత్రలుగా దొరికేవే. రోగికి వ్యాధి ముంచుకొచ్చింది కనుక ఆ ప్రమాదాన్ని తెలిసే స్వీకరిస్తాడు. అంగడిలో నిలుచున్నవాడు దేనికోసం స్వీకరించాలి?

భయాన్ని పెంచడం నా ఉద్దేశం కాదు. పైపూత చెక్కుచెదరని మాత్రతో ప్రమాదం స్వల్పం. విరిచినప్పుడు, నూరినప్పుడు లేచే పొడి, సీసా అడుగున మిగిలే పొడి, ఇవీ అసలు శత్రువులు. అది చర్మం ద్వారా, శ్వాస ద్వారా, కడుక్కోని వేళ్ల ద్వారా లోపలికి చేరుతుంది. గర్భిణులకు, గర్భం కోరుకునే దంపతులకు ఈ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అందుకే అమెరికా ఔషధ ప్రమాణ గ్రంథంలోని 800వ అధ్యాయం కేన్సరు మాత్రలను లెక్కపెట్టే యంత్రాలలో పోయరాదని, వాటికి విడి పళ్లెం వాడాలని చెబుతుంది. అది 2023 నవంబరులో అమలులోకి వచ్చింది.

గత నెలలో మన ప్రాంతం నుంచి రక్తకేన్సరు చికిత్సకు వచ్చిన ఒక పసివాడి తండ్రితో కలిసి ఇక్కడి మందుల దుకాణానికి వెళ్లాను. మెర్కాప్టోప్యూరిన్ 50 మిల్లీగ్రాముల మాత్ర. పిల్లవాడికి సగమే కావాలి. దుకాణంలోని యువకుడు పాత వార్తాపత్రిక పరచి, బ్లేడుతో మాత్రలన్నీ కోసి, పొడిని ఉఫ్ మని ఊది, అదే చేత్తో పక్కనున్న టీ గ్లాసు అందుకున్నాడు. చేతి తొడుగుల మాట ఎత్తాను. "పసిపిల్లలకిచ్చే మందే గదా బాబూజీ" అని నవ్వాడు. అతని తప్పేమున్నది? అతనికి ఎవరు చెప్పారు గనుక!

చట్టం ఏమి చెబుతున్నదో చూద్దాం. డాక్టరు చీటీపై మందు ఇచ్చే అధికారం రిజిస్టరైన ఫార్మసిస్టుకే ఉన్నదని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షను అంటుంది. షెడ్యూలు హెచ్ హెచ్చరిక చీటీ లేనిదే అమ్మవద్దంటుంది. రెండూ రోగి కోసమే. ఇక 2016 నాటి ఆసుపత్రి వ్యర్థాల నిబంధనలు చూడండి: కాలం చెల్లిన ఈ మందులనే పసుపు సంచిలో కట్టి, 1200 డిగ్రీలకు పైబడిన మంటలో దహించాలి. అంటే చెత్తబుట్టలో పడిన మాత్రలోని విషాన్ని ప్రభుత్వం గుర్తించింది. మనిషి వేళ్ల మధ్య ఉన్న మాత్రలోని విషాన్ని గుర్తించలేదు! 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వృత్తిభద్రతా స్మృతి సాధారణంగా పదిమంది కార్మికులున్న సంస్థలకే వర్తిస్తుంది. ఇద్దరు ముగ్గురితో నడిచే మందుల దుకాణం ఆ గీతకు బయట మిగిలిపోతుంది.

కోటానుకోట్ల పథకం అక్కరలేదు. విడి పళ్లెం, గరిటె, పారవేయదగిన తొడుగులు, తడిబట్ట, సబ్బు. బల్లమీద తినుబండారాలు ఉంచరాదన్న కట్టడి. మాత్రను విరవవలసిన అవసరాన్నే తప్పించడం మరీ మేలు. ముంబాయి టాటా మెమోరియల్ కేంద్రం, బెంగుళూరు సంస్థ ఒకటి కలిసి పసివారికోసం మెర్కాప్టోప్యూరిన్‌ను ద్రవరూపంలో 2025లో తీసుకువచ్చాయి. అది జిల్లా ఆసుపత్రుల దాకా చేరితే బ్లేడు పని తగ్గుతుంది.

ఆరోగ్యశాఖను అడిగితే ఇది కార్మికశాఖ వ్యవహారమంటుందని, కార్మికశాఖను అడిగితే ఆరోగ్యశాఖ వైపు చూపుతుందని ఊహించడానికి ఢిల్లీలో ఎక్కువకాలం ఉండనక్కరలేదు. కనుక ప్రశ్న రెండు శాఖలకూ వేయాలి. ఔషధ నిబంధనలలో ఒక్క పేరా చేర్చడానికి చట్టసభ అనుమతి సైతం అవసరంలేదు, గెజిట్ ప్రకటన చాలు. లోక్‌సభలో ప్రశ్నకు పదిహేను రోజుల ముందు నోటీసివ్వాలి. వచ్చే సమావేశానికి మన తెలుగు సభ్యులకు ఇంకా వ్యవధి ఉన్నది.